పసిపాప బొడ్డులో గొట్టము



గడచిన మాఘమాసమున మా చెల్లెలికి ఏడవనెల నిండకయే కానుపైనది. ఆడుబిడ్డ, తూకము 1,100 గ్రాములు. నేను పోవునప్పటికి పాపను గాజుపెట్టెలో పరుండబెట్టి, బొడ్డులోనికి సన్నని గొట్టము నొకదానిని పంపియుండిరి. మా అమ్మ దానిని చూచి కంటతడి పెట్టినది. ఎండి రాలిపోవువఱకు తడి తగులనీయక కాపాడవలసిన చోట ఈ గొట్టమేమి యని యామె ప్రశ్న. నాకును అదియే సందేహము గనుక వైద్యురాలి నడిగి తెలిసికొంటిని.

బొడ్డుత్రాడులో ధమనులు రెండు, సిర యొకటి. ఈ సిర పుట్టిన కొన్ని దినములవఱకు పూర్తిగా మూసికొనదు. నెలలు నిండని బిడ్డ చేతి నరములు వెండ్రుకలవలె నుండును గావున, చక్కెరనీరును మందులును ఈ త్రోవననే పంపుదురు. గొట్టపు కొన కాలేయమును దాటి, పెద్దసిరలో, గుండె వాకిట నిలువవలయును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. కాలేయములో నిలిచిపోయినచో గాఢమైన ద్రవము కాలేయమునే గాయపఱచును. గుండెలోనికి మిక్కిలిగా చొచ్చినచో నాడి తప్పవచ్చును. ఒక్కొక్కప్పుడు గుండె చుట్టునున్న తిత్తిలో ద్రవము నిండి ప్రాణమునకే ముప్పు వచ్చును. ఎంత పొడవు పంపవలయునో లెక్కలు గలవు గాని, లోపల అది యేదారి పట్టినదో లెక్క చెప్పజాలదు.

ఎక్స్‌రే తీయుట చిరకాలపు పద్ధతి. అందు గొట్టము గీతవలె కనబడును, సిరలు కానరావు. వెన్నుపూసలను లెక్కించి ఊహింపవలయును. అల్ట్రాసౌండు అట్లుగాదు. నూతిలో కేకవేసిన మరలి వినబడునుగదా! అట్లే మన చెవికందని ధ్వని లోనికిపోయి, తగిలి, మరలివచ్చి తెరపై బొమ్మ కట్టును. లోహములలోని పగుళ్లు కనిపెట్టు యంత్రమును స్త్రీవైద్యమునకు మలచి, 1958లో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డోనాల్డు ఫలితములను ప్రకటించెను. ఇందు గుండె కొట్టుకొనుటయు, కొన దానికెంత దూరమున నున్నదియు కనబడును. సందేహమైనచో రవంత ఉప్పునీటిని పంపుదురు. అది వెలువడుచోట నురుగువలె మెఱయును. కిరణముల సోకు లేదు. గొట్టమును సవరించుచునే చూడవచ్చును. అయితే చూచువారికి అభ్యాసము కావలయును; ప్రేవులలోని గాలి అడ్డువచ్చుటయు గలదు. పూయు జిగురును వెచ్చజేయనిచో పాపకు చలి పుట్టును.

మా పాపకు ఎక్స్‌రేలో సరిగానున్నట్లు తోచిన కొన, ఇందు గుండెలోనికి చొచ్చినట్లు తేలినది. అరసెంటీమీటరు వెనుకకు లాగిరి. అరసెంటీమీటరనగా మన కుట్టుపనిలో రెండు కుట్లు! బొడ్డు ఎండినకొలది గొట్టము కదలునని మరునాడు మరల చూచిరి.

మనదేశమున ఈ యంత్రమునకు మఱియొక కట్టడి గలదు. గర్భమందలి శిశువు ఆడో మగో తెలిసికొని ఆడుబిడ్డలను తుదముట్టించు ఘోరము నాపుటకై 1994లో శాసనము చేసిరి. నమోదు కానిదే యంత్రము నుపయోగింపరాదు. అది న్యాయమే. కాని ఆడుపిల్లలను మననుండి కాపాడుటకు శాసనము కావలసివచ్చిన యంత్రమే ఈ ఆడుపిల్లను కాపాడుచుండగా చూచి, నేను తల వంచుకొంటిని.

మీ యింట ఇట్టి బిడ్డ పుట్టినచో, గొట్టపు కొన ఎచ్చట నున్నదో, మరల నెప్పుడు చూతురో అడుగుడు. అడిగినంత మాత్రమున వైద్యులు కోపింపరు.

ఏడవదినమున గొట్టము తీసివేసిరి. అమ్మ చేతులు కడుగుకొని, పాప బొడ్డువంకనే చాలసేపు చూచుచు నిలిచినది.