చేపల తొట్టిని మరీ కడగకండి

ఓ.పి.లో చీటీ పట్టుకుని కూర్చున్నవారు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది: “సిస్టర్, ఇంట్లో చేపల తొట్టి ఉంటే బి.పి. తగ్గుతుందట గదా, పెట్టుకోమంటారా?” పెట్టుకోమనే మా జవాబు. అయితే ఏ తొట్టి, ఎలా పెట్టుకోవాలి అన్నది కూడా చెప్పాలి.

ముందు మా తప్పు చెబుతాం. కొన్నేళ్ళ క్రితం వెయిటింగ్ హాల్లో ఒక తొట్టి పెట్టాం. నర్సులం గదా, ప్రతి శనివారం నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళను సైతం బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, కుళాయి నీళ్ళు నింపేవాళ్ళం. తొట్టి అద్దంలా మెరిసేది, చేపలు మాత్రం చచ్చిపోయేవి. మూడుసార్లు అలాగే జరిగింది.

కారణం తర్వాత తెలిసింది. చేపల విసర్జన వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది వాటికి విషం. గులకరాళ్ళ మీద, ఫిల్టరు స్పాంజిలో పెరిగే మంచి బాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఆ నైట్రేటును మొక్కలు ఎరువుగా తీసుకుంటాయి. మేము వారం వారం ఆ బాక్టీరియానే చంపుకున్నాం. దానికి తోడు కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీసింది. ఆపరేషన్ థియేటరు శుభ్రత వేరు, తొట్టి శుభ్రత వేరు.

కాబట్టి పని తక్కువగా ఉండాలంటే మొక్కలున్న మంచినీటి తొట్టి మేలని మా అభిప్రాయం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే సుమారు 55 లీటర్లు పడుతుంది. బరువు ఎక్కువ, గట్టి బల్ల కావాలి. వాలిస్నేరియా, జావా ఫెర్న్, అనూబియాస్ వంటి మొక్కలు తక్కువ వెలుతురుకే పెరుగుతాయి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లైటు చాలు. తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందరపడి ఒకేసారి చేపలన్నీ వేయకండి. ఆరేడు గప్పీలతో మొదలుపెట్టండి. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయండి. వారానికొకసారి పావు వంతు నీరు మాత్రం మార్చండి, అదీ క్లోరిన్ పోయేలా ఒక రోజు నిలవబెట్టిన నీటితో. తీసిన నీళ్ళు కుండీలకు పోస్తే మొక్కలకు బలం.

సముద్రం ఎదురుగానే ఉంది గదా, బిందెడు నీళ్ళు తెచ్చి రంగురంగుల సముద్రపు చేపలు పెంచుకుందామని కొందరు అంటారు. మేము వద్దంటాం. ఆ చేపలకు లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు నిలకడగా ఉండాలి. నీరు ఆవిరైన కొద్దీ ఉప్పు పెరుగుతుంది. రేవు దగ్గరి నీరు శుభ్రంగా ఉండదు, పెద్ద వానల తర్వాత ఉప్పదనమూ తగ్గుతుంది. మన వేసవికి చల్లబరిచే యంత్రం కూడా కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేని సంగతి మరచిపోకండి. పైగా పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి, వాటిని పట్టి తేవడం నేరం.

ఆరోగ్యం విషయంలో మూడు మాటలు. మొదటిది, చేతికి గాయం ఉంటే తొట్టిలో పెట్టవద్దు. షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్త. చేపల నీటిలో క్షయ క్రిమికి దగ్గరి బంధువైన ఒక బాక్టీరియా ఉండవచ్చు. రెండు మూడు వారాల తర్వాత వేలి మీద గడ్డగా లేచి, మామూలు మందులకు మానదు, నెలల తరబడి మందు వాడవలసి వస్తుంది. మానని పుండుతో డాక్టరు దగ్గరకు వెళితే “మా ఇంట్లో చేపల తొట్టి ఉంది” అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో అసలు జబ్బు త్వరగా తెలియవచ్చు.

రెండవది, చేయి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేయండి. పైపుతో నీళ్ళు లాగేటప్పుడు నోటితో పీల్చవద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

మూడవది, చేపలు పోయాక తొట్టిని నీళ్ళతో వదిలేయవద్దు. చేపలున్న తొట్టిలో దోమ పిల్లలను అవే తింటాయి. ఖాళీ తొట్టిలోనైతే వారం పది రోజుల్లో డెంగ్యూ దోమలు తయారవుతాయి. శుక్రవారం డ్రై డే నాడు పూలకుండీల పళ్ళేలతో పాటు దాన్నీ బోర్లించండి.

ఇక బి.పి. సంగతి. 1983లో అమెరికాలో ఆరన్ కాచర్, ఆయన సహచరులు పరిశీలించి, చేపలను చూస్తూ కూర్చున్నప్పుడు బి.పి. తగ్గిందని రాశారు. 2002లో నాన్సీ ఎడ్వర్డ్స్ అనే నర్సు, ఆలన్ బెక్ కలిసి, అల్జీమర్స్ ఉన్న 62 మంది వృద్ధుల భోజనాల గదిలో తొట్టి పెడితే వారు ఎక్కువ తిన్నారని, బరువు పెరిగారని చూపించారు. ఇంట్లో అన్నం ముట్టని పెద్దవాళ్ళు ఉంటే తొట్టిని భోజనాల దగ్గర పెట్టి చూడండి.

కాని తొట్టి మాత్రకు బదులు కాదు. తొట్టి కొన్నాం కదా అని బి.పి. మాత్రలు మానేస్తే పక్షవాతంతో మా వార్డుకే వస్తారు. ఉదయం మీ మాత్ర వేసుకుని, తర్వాత చేపలకు మేత వేయండి. రెండూ ఒకే వేళకు పెట్టుకుంటే ఏదీ మరచిపోరు.

— నర్సింగ్ సూపరింటెండెంట్