స్కూటరున దాగుడుమూతలాడు దోషము



బిడ్డ జ్వరము వైద్యుని యెదుట తగ్గి, యింటికి రాగానే మరల హెచ్చుట మీరెరిగినదే. స్కూటరులోని కొన్ని విద్యుద్దోషములు నట్టివే. ఇంటికడ బొత్తామెంత నొక్కినను ఇంజను కదలదు. మెకానిక్కు ముందర చక్కగా నడచును. అతడు "ఏమియు లేదమ్మా" యని పంపివేయును, లేదా క్రొత్త బ్యాటరీ వేయించుమనును. డబ్బు పోవును, దోషము నిలుచును. రాత్రివేళ పనినుండి మరలివచ్చు స్త్రీకి నడిదారిలో దీపమారుట చిరాకు మాత్రమే గాదు, ప్రమాదము. కావున పెట్రోలు స్కూటరు గల యింటను ఈ దోషమును పట్టు పద్ధతి తెలిసియుండవలయును.

ఇందునకు మొదటి పరికరములు కాగితము, కలము. దోషము కనబడినప్పుడెల్ల నాలుగు సంగతులు వ్రాసికొనుడు: వాన కురిసెనా, లేక బండి కడిగితిరా? ఇంజను చల్లగా నుండెనా, వేడెక్కియుండెనా? హ్యాండిలు ఏ వైపునకు తిరిగియుండెను? ఏవి యాగెను, ఏవి పనిచేసెను?

హారను, స్టార్టరు, ఇండికేటర్లు ఒక్కసారి యాగినచో దోషము వాని కన్నిటికిని మూలమైన చోట, అనగా బ్యాటరీ కొనలందో, ప్రధానమగు ఫ్యూజునందో, తాళపు స్విచ్చినందో యుండును. హ్యాండిలు త్రిప్పినప్పుడు మాత్రమే యాగినచో, బండి మెడకడ మాటిమాటికి వంగు తీగ లోలోపల తెగియుండవచ్చును. పైతొడుగు చెక్కుచెదరకుండుటచే నది కంటికి కానరాదు. స్టార్టరొక్కటియే మొరాయించినచో బ్రేకుపిడి పట్టి వెనుక దీపమును చూడుడు. గేరులేని స్కూటర్లలో సాధారణముగా బ్రేకు పట్టిననే స్టార్టరు పనిచేయును. బ్రేకుదీపము కూడ వెలుగనిచో పిడికడనున్న చిన్న స్విచ్చిని మొదట అనుమానింపవలెను.

దోషము వచ్చిపోవుట కేల? రాగిబిందెకు చిలుము పట్టినట్లే తేమ తగిలిన తీగల కొనలకును పట్టును. బోల్టు వదులైనను, ఎలుక తీగను కొరికినను, కుదుపునకు ఒకమారు అంటును, ఒకమారు విడును. ఇట్టి చోట విద్యుత్తునకు అడ్డు కేవలము 0.1 ఓము ఉండెననుకొనుడు. స్టార్టరునకు 50 ఆంపియర్లు పారునప్పుడు 12 వోల్టులలో 5 వోల్టులు అచ్చటనే హరించిపోవును. బండి నిలిచియుండగా మాత్రము మీటరు నిండు 12 చూపి మోసగించును. ఇందువలననే నిర్దోషమగు బ్యాటరీపై నింద పడుచున్నది.

చిన్న మల్టీమీటరొకటి యింటనున్న మేలు. కొన్ని గంటలు విశ్రమించిన సీసపు బ్యాటరీ పూర్తిగా నిండియున్నచో 12.6 మొదలు 12.8 వోల్టుల వరకు చూపును. బండిని ఆరుబయట నడిమి స్టాండుపై నిలిపి ఇంజను నడపి, కొంచెము వేగము హెచ్చింపగా రమారమి 13.5 మొదలు 14.5 వరకు రావలెను. అంతకు మిక్కిలి తగ్గినచో బ్యాటరీ నిండుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరును చూపింపుడు. పిదప మీటరు తీగ నొకదానిని బ్యాటరీ ఋణకొనకును, రెండవదానిని ఇంజను లోహమునకును ఆనించి, స్టార్టరు నొక్కింపుడు. అర వోల్టునకు మించి చూపినచో ఎర్తు తీగ పట్టు చెడినదని తెలియవలెను.

శుభ్రపరచుటకు తాళము తీసి, ముందు ఋణకొనను, తరువాత ధనకొనను విప్పుడు. ముందే ధనకొనను విప్పబోయిన పానా బండి ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. గరుకు కాగితముతో చిలుము తీసి, ముందు ధనకొనను, పిదప ఋణకొనను గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పలుచగా పూయుడు. ఫ్యూజు పోయినచో అదే ఆంపియర్లది వేయుడు. తీగముక్కయో, వెండికాగితమో చుట్టుట బండికి నిప్పు పెట్టుటయే.

హ్యాండిలు మెడకడ తెగిన తీగను, తాళపు స్విచ్చిని మెకానిక్కునకే విడువుడు. పోవునప్పుడు మీరు వ్రాసిన కాగితమును, మీటరు అంకెలను చూపి, "వాన పడిన మరునాడు, హ్యాండిలు ఎడమకు త్రిప్పినప్పుడు" అని స్పష్టముగా చెప్పుడు. అంకెలు సరిగా నున్నంతవరకు క్రొత్త బ్యాటరీకి ఒప్పుకొనకుడు.