ఇంటిలో నొప్పుకొనరు

సంఘసంస్కరణమును గూర్చి యుపన్యసించువారికి మనలో కొదవ లేదు. సహపంక్తిభోజనము మేలనువారు, మతభేదము మనుష్యకల్పితమనువారు, కులము నశించినగాని దేశము బాగుపడదని బల్ల గ్రుద్దువారు పట్టణమున వీధికి నలుగురు గలరు. సభ ముగిసి వీరింటికి మరలు త్రోవలో, "అయ్యా, క్రైస్తవులలో గలసిన మీ పినతండ్రిగారి యింట పెండ్లియట గదా, పోవుచున్నారా?" అని యెవరైన నడిగినచో వీరందరి నోటను ఒక్కటే సమాధానము వెడలును: "మాకేమియు నభ్యంతరము లేదండీ, ఇంటిలో నొప్పుకొనరు." ఈ వాక్యమును గూర్చి కొంచెము విచారింపదలచితిమి. ఇది మేము పరుల నోట విన్న మాట కాదు. ఇరువదిమూడు సంవత్సరములు మేము స్వయముగా చెప్పిన మాట.

మా తండ్రిగారి కనిష్ఠసోదరుడు 1976లో క్రైస్తవమతమును స్వీకరించి, గుంటూరు మండలమున తనతోపాటు ఉపాధ్యాయినిగా నుండిన యొక క్రైస్తవ స్త్రీని వివాహమాడెను. నాటినుండి మా తాతగారు చిన్నకుమారుని పేరెత్తుట మానిరి. మా తండ్రిగారు మానలేదు. ఉత్తరములు వ్రాయుచుండిరి, పండుగ మరునాడు పోయి చూచి వచ్చుచుండిరి, కాని యచట మంచినీరైనను పుచ్చుకొన్నట్లు మేమెరుగము. రాకపోకలుండి యన్నపానములు లేని యీ చుట్టరికమే పొలము పుట్రతోపాటు మాకు సంక్రమించినది.

ఆ పినతండ్రిగారి కుమారుడు మాకంటె నొక యేడు చిన్నవాడు. 2001లో వాని పెండ్లికి మేము పోయితిమి. పోయితిమని చెప్పుకొనుటకు పోయితిమి. చర్చిలో వెనుక వరుసను, పందిటిలో ముందు వరుసను కూర్చుంటిమి. సోడా త్రాగితిమి, అదియును మా యెదుట మూత తీసిరి గనుక. చదివింపు చదివించితిమి. విస్తళ్లు వేయుచుండగా బస్సునకు వేళయైనదని లేచితిమి. తమ్ముడు పెండ్లిబట్టలతోనే వాకిటివరకు వచ్చి, "అన్నయ్యా, ఒక్క ముద్ద తిని వెళ్లు" అనెను. "ఏమి చేయుదుమురా, అమ్మ యొప్పుకొనదు" అంటిమి. వాడు మారుమాటాడక తల యూపెను. ఆ ప్రకరణ మంతటితో మర్యాదగా ముగిసినదని మేము తృప్తి చెందితిమి.

2024 మే నెలలో వాని కుమార్తెకు పెండ్లి కుదిరినది. శుభలేఖ వాడే తెచ్చెను. "రెండు రోజులు ముందుగా రావలెనన్నయ్యా. చేతిక్రింద మనుష్యులు లేరు" అనెను. పెండ్లికి రమ్మనుట వేరు, పెండ్లిపనులకు రమ్మనుట వేరు. మొదటిది యూరందరికిని అందును. ఇన్నేండ్లకు వాడు మమ్ములను రెండవదానికి బిలిచెను.

వార్త పొక్కగానే మా బంధువులలో పెద్దలొకరు పంచాంగము దీసిరి. అది శుక్రమౌఢ్యకాలమట, మూఢములో జరుగు పెండ్లికి బోవుట దోషమట. పెండ్లి చేయువారికి లేని మౌఢ్యము భోజనము చేయువారికెట్లు తగులునో మేమెరుగము. క్రైస్తవులకు కాలనియమము లేకపోలేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము ప్రత్యేకానుమతి లేనిచో వివాహము ఉదయ మారు గంటలకును సాయంకాల మేడు గంటలకును నడుమనే జరుగవలెను. మన అర్ధరాత్రి లగ్నములకు అందు చోటు లేదు. ఈస్టరునకు ముందు వచ్చు నలువది శ్రమదినములలో వారును సాధారణముగా పెండ్లిండ్లు చేయరు. ఎవరి శూన్యమాసములు వారికున్నవి.

మేము మాత్రము పెద్దలతో వాదింపలేదు. మా యలవాటు చొప్పున, "చూడవలెను, ఇంటిలో నేమందురో" అంటిమి. ఆ సాయంకాలము మా తల్లిగారు చేటలో బియ్యము పోసికొని రాళ్లేరుచుండగా ప్రక్కన గూర్చుండి, నీకిష్టము లేకున్న మానెదమని నసిగితిమి. ఆమెకు డెబ్బదియైదేండ్లు. చేట దించకయే, "నాకిష్టము లేదని నీతో ఎవరు చెప్పినార్రా?" అని యడిగెను. వాని పెండ్లినాడు నీ కొరకే గదా భోజనము చేయక వచ్చితిమంటిమి. ఆమె యిట్లనెను: "అప్పుడు నన్నెవరడిగినారు? బట్టలు కట్టుకొని పోయినావు. రాత్రికి వచ్చి ఆకలి అన్నావు. పెండ్లికి పోయినవాడు ఆకలితో రావడమేమిటా అనుకొని అన్నము పెట్టినాను. మీ తాతగారున్నన్నాళ్లు భయపడినమాట నిజమే. ఆయన పోయి ముప్పై ఏండ్లయినది. ఆ తరువాత నన్ను అడిగినవారెవరు?"

మేము బడిలో వ్యాకరణము బోధించువారము. "ఇంటిలో నొప్పుకొనరు" అను వాక్యమున కర్త యెవరో నాటివరకు మాకు స్ఫురింపలేదు. "ఇంటిలో" అనునది అధికరణము. ఒప్పుకొననివారి పేరు వాక్యమున లేదు. కర్త నుద్ఘాటింపుడని యెవరైన నిర్బంధించినచో తల్లిని, భార్యను, అత్తగారిని జూపుదుము. వారు సభలకు రారు గనుక తమపై మోపబడిన యభిప్రాయము వారికి దెలియదు. స్త్రీవిద్యకై పత్రికలలో వ్యాసములు వ్రాయుదుము. స్త్రీల యజ్ఞానము వలననే సంస్కరణము సాగకున్నదని విచారింతుము. వారి యభిప్రాయమడుగుట కేమో తీరిక చిక్కదు. మా భార్య యీ సంభాషణమును వంటయింటినుండి విని, "నన్ను కూడ ఇప్పుడే అడుగుడు, మరల ఇంకొక ఇరువది యేండ్లు పట్టును" అనెను. చదువరులు నవ్వవచ్చును. మేము నవ్వలేదు.

ఇంటిలో నిజముగనే యొప్పుకొనని వారు కొందరుండవచ్చును, కాదనము. అట్టివారితో వాదించి యోడినవాని యెడ మాకు గౌరవము గలదు. అడుగకయే యోడినవాని గూర్చియే మా వ్యాసము.

మతము విడిచినవానితో చుట్టరికము తెగినదనువారు గలరు. చట్టమును చూతమన్నచో, అదియు నీ విషయమున సగమే చేయి చాచినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టములోని 26వ సెక్షను ప్రకారము, మతము మారినవాని హక్కు పోకున్నను, మారిన పిమ్మట వానికి బుట్టిన సంతానము, వారసత్వము సంక్రమించునాటికి హిందువులై యుండిననే తప్ప, హిందూ బంధువుల యాస్తికి వారసులు గారు. అనగా మా తమ్ముడు మా వంశపు సెంటు భూమికిని హక్కుదారుడు కాడు. వా డెన్నడును అడుగలేదు. భూమి చట్టము చేతిలో నున్నది. విస్తరి మన చేతిలో నున్నది. చట్టము గోడ కట్టినచోట మనము మరియొక వరుస ఇటుకలు పేర్చుట యేల?

సంస్కర్తలమని చెప్పుకొను మనకు విస్తరి విలువ తెలియకపోలేదు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతువివాహము చేయించినప్పుడు, ప్రతిపక్షులు శాస్త్రవాదముతో తృప్తి పడక బహిష్కారమును చేతబట్టిరి. పెండ్లిలో గలసినవారిని పంక్తిలోనికి రానీయమనుటే వారి బెదరింపు. వాదమున కుత్తరము చెప్పవచ్చును; ఖాళీ విస్తరికి ఉత్తరము లేదు. ఆ మహనీయుని జయంతినాడు పూలదండ వేసి, ఆయన విరోధుల యాయుధమును మన పినతండ్రి యింటిమీద ప్రయోగించుచున్నాము. వారు బాహాటముగా చేసిరి. మనము బస్సువేళ యను మిషతో చేయుచున్నాము.

గుఱ్ఱము జాషువగారి "గబ్బిలము" 1941లో వెలువడినది. దాని పద్యములు చెప్పుచు తరగతిలో గొంతు గద్గదమగు నుపాధ్యాయులను మేమెరుగుదుము. మేమును వారిలో నొకరము. ఆ కవి క్రైస్తవ కుటుంబమున జనించినవాడు. ఆయన పద్యము గొంతు దిగినంత సులభముగా ఆయన మతస్థుల యింటి పప్పన్నము దిగకపోవుటకు హేతువేమి?

మాంసమను సమాధాన మొకటి సిద్ధముగా నుండును. మాంసము తిననివాడు తిననవసరము లేదు. అందు అవమానము లేదు, ఎవరును బలవంతపెట్టరు. కాని యీ సాకు ఎంతవరకు నిజమో మేము కన్నులార చూచితిమి. మేము పెండ్లికి రెండు రోజుల ముందు పోవుసరికి తమ్ముడు బడిగదుల వెనుక నొక చిన్న షామియానా వేయించి, వేరుగా పొయ్యి త్రవ్వించి, క్రొత్త గుండిగలు తెప్పించి, బ్రాహ్మణ వంటవాని నొకనిని కుదుర్చుకొని యుండెను. "పెదనాన్నగారి వైపువారి కోసము" అని వాడు చెప్పినప్పుడు మేము సిగ్గుతో తల వంచుకొంటిమి. ఆ పొయ్యికి వాడు పెట్టిన ఖర్చు మా చదివింపుకంటె నధికము. ఇంత చేసియు నాటి దినమున మా వైపువారిలో నలుగురు, "ఇప్పుడే తిని వచ్చితిమి" అని కుర్చీలలోనే కూర్చుండిరి. అందులో నిద్దరు మా యూరి గ్రంథాలయసభలో సహపంక్తిభోజన తీర్మానమును బలపరచినవారు. మాంసమే యభ్యంతరమైనచో ఆ శాకపాకము వారినేమి చేసినది?

పని యనగా నేమో మేమును మొదట సరిగా గ్రహింపలేదు. దస్తూరి బాగుండునని చదివింపుల పుస్తకము మేమే కోరి తీసికొంటిమి. అది బల్లయు కుర్చీయు గల ఉద్యోగము. కుర్చీ మమ్ములను విడువలేదు. మా భార్య నేరుగా కూరగాయల గుట్టవద్దకు బోయి కత్తిపీట ముందు కూర్చుండెను. మా తల్లిగారిని చూడగానే పిన్నిగారు, "అక్కయ్యా, నువ్వెందుకు?" అని లేవబోయిరి. "ఎందుకేమి, గోంగూర వలవడానికి" అని మా తల్లిగారు చాప మీద చతికిలబడిరి. తోడికోడండ్రిద్దరు నలువదియెనిమిదేండ్లకు మొదటిసారి ఒక్క గంపలోని ఆకు వలచిరి. ఏమి మాటలాడుకొనిరో మాకు వినబడలేదు. మేము కొంతసేపటికి పుస్తకమును మరియొకరి కప్పగించి, నీళ్ల పీపాలు దొర్లించుటకు బోయితిమి.

చర్చిలో వధువు తెల్లచీర గట్టినది. వరుడు కట్టిన తాళిబొట్టుమీద సిలువ గుర్తున్నది. పాడిన కీర్తనలలో నొకటి పురుషోత్తమ చౌధరిగారిదని ప్రక్కనున్నవారు చెప్పిరి. ఆయన (1803-1890) బ్రాహ్మణ వంశజుడు. క్రైస్తవుడైన పిమ్మట తెలుగున కీర్తనలు రచించెను. రాగము మాకు చిరపరిచితమే. 1842లో హయ్యరు దొర గుంటూరునకు వచ్చినది మొదలు నూట యెనుబది యేండ్లుగా మన నడుమ పాడబడుచున్న పాటను పరదేశపు పాట యనువారు, చెవులతో వినుట మాని వదంతులతో వినుచున్నారు.

ప్రమాణములు ముగిసిన పిమ్మట చిట్టాలో సాక్షుల సంతకములకై పిలుపు వచ్చినది. ఇరువురు కావలెను. వరుని వైపునుండి యొకరు లేచిరి. తమ్ముడు మా వంక చూచి, "పెదనాన్న చేయవలెనని అమ్మాయి కోరిక" అనెను. సాక్షి మతమేదని యెవరును అడుగలేదు. పేరు, ఊరు వ్రాయించుకొనిరి. లెక్కలేనన్ని ధ్రువపత్రములపై సంతకములు చేసిన మా చేయి నాడు కొంచెము వణకినమాట దాచుట యేల?

అచట దోషములు లేవనము. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము వారికిని వర్తించును, కాని వరుని మేనమామ వాకిట నిలిచి కట్నపు బాకీని గూర్చి గొణుగుట మేము వింటిమి. ఫలానా పేటవారికి పిల్లనీయమను మాటయు వింటిమి. కులము సిలువ వేసికొన్నంత మాత్రమున చావదు. ఈ రెండిటిని గూర్చి తమ్మునితో మేము తీవ్రముగనే మాటలాడితిమి. మూడు దినములు వాని యింట నీళ్లు మోసియుండకున్న అట్లు మాటలాడు నధికారము మాకెక్కడిది?

భోజనవేళ మా తల్లిగారు చిన్న షామియానా దాటి పోయి పెద్ద పందిటిలో పిన్నిగారి ప్రక్కన గూర్చుండిరి. వడ్డించు కుర్రవాడు వెరచి, "మామ్మగారూ, మీకు వెనుక ప్రత్యేకముగా" అనెను. "అన్నము, పప్పు ఇటు కూడ ఉన్నది గదా, వెయ్యి నాయనా" అనిరామె. మేమును మా భార్యయు ఆ వరుసలోనే కూర్చుంటిమి. బ్రాహ్మణ వంటవాడు వండిన దానిలో చాలవరకు సాయంకాలము చర్చి వెనుక పేటలోని పిల్లలు తినిరి.

బడి తెరచిన పిమ్మట, గ్రంథాలయసభలో మాతో గూర్చుండు సహోపాధ్యాయులొకరు, "పెండ్లికి పోయినారట. భోజనము కూడ చేసినారా?" అని గొంతు తగ్గించి యడిగిరి. చేసితిమి, పప్పులో ఉప్పు కొంచెము తక్కువైనదంటిమి. వారొక క్షణమాగి, "మా మేనత్తకూతురి యింట వచ్చే నెలలో ఇటువంటిదే యున్నది. మాకేమియు నభ్యంతరము లేదు గాని" అని యారంభించి, మా ముఖము చూచి, వాక్యము పూర్తి చేయకయే తరగతికి బోయిరి.