ఎఱ్ఱదీపము చెప్పు మాట



మొన్న సాయంకాలము పామర్రులోని మా యింట, దూరదేశమందున్న అమ్మాయితో మాటలాడుచుండగా ఇంటర్నెట్టు ఆగిపోయెను. పెట్టెను నాలుగుమాఱులు ఆర్పి వెలిగించితిని, ఫలము లేదు. పిమ్మట దాని దీపములను పరికించితిని. ‘పవర్’ పచ్చగనే యున్నది, ‘ఎల్.ఓ.ఎస్.’ అను దీపము ఎఱ్ఱగా మెఱయుచున్నది. పెట్టెకు కరెంటు వచ్చుచున్నది గాని తీగెనుండి వెలుతురు అందుట లేదని దాని యర్థము.

ఈ తీగెలో పాఱునది విద్యుత్తు కాదు, వెలుతురు. వెండ్రుకవంటి గాజుపోగు దానికి కాలువ. 2015లో ఏర్పడిన మన రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభములమీదుగా పల్లెలకు సాగించిన తీగెలును ఇట్టివే. గండిపడిన కాలువనుండి నీరు పోయినట్లు, పోగు గట్టిగా వంగినచోట వెలుతురు జాఱిపోవును. ఆ యుదయము నేను జరిపిన బీరువాక్రింద తీగె నలిగియుండెను. దానిని విడిపించి వెడల్పుగా చుట్టగానే ఎఱ్ఱదీపము ఆఱెను.

సెల్‌ఫోనులో పెట్టె సెట్టింగులు తెఱచిన, పలు పెట్టెలలో ‘ఆర్.ఎక్స్. పవర్’ అను అంకె కనబడును. మంచిదినమున దానిని వ్రాసి యుంచుకొనుడు. మైనస్ 20 ఉన్నది మైనస్ 23 అయినచో వెలుతురు సగమైనదన్నమాట; మైనస్ 27 సాధారణముగా కడపటి హద్దు.

పోగుకొనను కంటికెదుట పట్టరాదు. ఆ వెలుతురు కనబడకయే కంటికి హాని చేయగలదు. తీగె సరిగానున్నను ఎఱ్ఱదీపము ఆఱనిచో, బాగుచేయువానికి దీపపు రంగును, ఆ యంకెను చెప్పుడు. సగము పని మీరే చేసినవారగుదురు.