నెమ్మదించడం వేరు, నయం కావడం వేరు

గత రమజాన్‌కు కొద్దిరోజుల ముందు నా పూర్వ విద్యార్థి ఒకడు మదరసాకు వచ్చాడు. “ఉస్తాద్, జబ్బు నయమైంది. మాత్రలు మానేసి ఈసారి అన్ని రోజాలూ ఉంటాను” అన్నాడు. ‘మాషా అల్లాహ్’ అన్నానే గాని, అవి ఏ మాత్రలని అడగలేదు. పదో రోజా నాటికి రక్త విరేచనాలతో, లేవలేని నీరసంతో అతన్ని వరంగల్‌లో ఆసుపత్రికి చేర్చారు. అడగకపోవడం నా తప్పు. ఆ తర్వాత వైద్యులను అడిగి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

అతనిది అల్సరేటివ్ కొలైటిస్. శరీరంలోని రక్షణ వ్యవస్థే పెద్దప్రేగు లోపలి పొరపై దాడిచేసి పుండ్లు కలిగించే దీర్ఘవ్యాధి ఇది. మన ఇళ్ళలో దీన్ని మొలలనో, వేడి చేసిందనో భావించి నెలలు గడిపేస్తారు. కొలనోస్కోపీ చేసి, ప్రేగు ముక్కను పరీక్షిస్తేనే వ్యాధి నిర్ధారణ అవుతుంది.

వ్యాధి విజృంభించినప్పుడు స్టెరాయిడ్లు ప్రాణం నిలుపుతాయి. బ్రిటన్ వైద్యులు ట్రూలవ్, విట్స్ 210 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలను 1955లో ప్రకటించారు. ఆరు వారాలలో కార్టిసోన్ పొందినవారిలో నూటికి 41 మందికి వ్యాధి నెమ్మదించింది. పొందనివారిలో 16 మందికే. అయితే ఆ నెమ్మదిని నిలిపి ఉంచే శక్తి స్టెరాయిడ్లకు లేదని తర్వాతి పరీక్షలు తేల్చాయి. పైగా దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారవచ్చు. మధుమేహం, కంటిలో శుక్లాలు రావచ్చు. అందుకే వైద్యులు కొన్ని వారాలలో మోతాదును క్రమంగా తగ్గించి ఆపుతారు. మందు బయటి నుండి అందుతున్నంత కాలం అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. అవి తేరుకోకముందే మందు హఠాత్తుగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. పాత చీటీతో మళ్ళీ మళ్ళీ కొని వాడడమూ, సొంత నిర్ణయంతో మానడమూ రెండూ ప్రమాదకరమే.

స్టెరాయిడ్లు ఆగినా వైద్యం ఆగదు. మెసలమైన్ వంటి మందులు, అవి చాలకపోతే అజథయోప్రిన్, బయలాజిక్ ఇంజెక్షన్లు వ్యాధిని అదుపులో ఉంచుతాయి. కొందరికి పెద్దప్రేగు తొలగించే శస్త్రచికిత్స అవసరమవుతుంది. వ్యాధి మొదలై ఎనిమిదేళ్ళు దాటితే క్యాన్సర్ జాడకోసం కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఈ క్రమం పాటించేవారిలో అత్యధికులు ఇతరుల వలెనే ఉద్యోగం, సంసారం, పూర్తి ఆయుష్షు పొందుతున్నారు.

ఇక ధర్మం విషయం. రోగి ఇతర దినాలలో ఉపవాసాలు పూర్తిచేసుకోవచ్చని దివ్యఖుర్ఆన్ (అల్ బఖరా: 185) అనుమతించింది. వ్యాధి నెమ్మదించినవారు వైద్యుడు సమ్మతిస్తే సహరీ, ఇఫ్తార్ వేళల్లో మాత్రలు వేసుకొని రోజా ఉండవచ్చు. మలద్వారం గుండా ఎక్కించే మందుతో రోజా భంగమవుతుందని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది; దాన్ని రాత్రివేళ వాడాలి. వుజూ చేసి నమాజు ముగించేంత వ్యవధి కూడా ఒక నమాజు వేళ అంతటిలో దొరకనివాడు ‘మాజూర్’. అతనికి ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చాలు.

ఆ విద్యార్థి ఇప్పుడు కోలుకున్నాడు. వైద్యుని అనుమతితో, చలికాలపు చిన్న పగళ్ళలో తప్పిన రోజాలు పూర్తి చేస్తున్నాడు. ఇప్పుడు ఎవరైనా “నయమైంది” అంటే, ‘అల్‌హమ్దులిల్లాహ్’ అన్న వెంటనే “మందులు ఆపమన్నది వైద్యుడేనా?” అని అడుగుతున్నాను. మీరూ అడగండి. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.