హలో... వినిపిస్తోందా?

డాబా ఎక్కితే మూడు పాయింట్లు. మెట్లు దిగితే రెండు. హాల్లో ఒకటి. వంటింట్లో... సున్నా! ఫోను మోగగానే చెప్పులైనా వేసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తే కుటుంబాలు మన దగ్గర తక్కువేం కాదు. అలాంటి ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకరోజు శుభవార్త మోసుకొస్తారు. 'నెట్‌లో బూస్టర్లు అమ్ముతున్నారట. మేడ మీద యాంటెన్నా బిగిస్తే ఇల్లంతా ఫుల్లు సిగ్నల్ అట!'

నిజమే, వస్తుంది. ఆ ఇంట్లో వస్తుంది. చిక్కంతా వీధిలోనే.

ముందు యాంటెన్నా సంగతి చూద్దాం. దూరదర్శన్ రోజులు గుర్తున్నాయిగా! నాన్న మేడ మీద గొట్టం తిప్పుతుంటే, కింద నుంచి పిల్లలు 'వచ్చింది... వచ్చింది... అయ్యో పోయింది!' అని అరిచేవాళ్లు. ఆ చేప ముల్లు లాంటి యాంటెన్నా పేరు యాగీ-ఉదా. 1926లో ఇద్దరు జపాన్ పరిశోధకులు లోకానికి పరిచయం చేశారు. సెల్ సిగ్నల్ కోసం ఇప్పుడు అమ్మే యాంటెన్నాల్లో కొన్ని దాని పిల్లలే. టార్చిలైటు కాంతిని ఒకవైపే పంపినట్టు, ఇది ఒకవైపు నుంచి వచ్చే తరంగాలనే బాగా పట్టుకుంటుంది. కొత్త శక్తినేమీ పుట్టించదు కాబట్టి దీనితో ఎవరికీ హాని లేదు.

కానీ దాన్ని ఫోనుకు తగిలించేదెలా? ఒకప్పటి హ్యాండ్‌సెట్లలో కొన్నింటికి వెనక రబ్బరు బిరడా కింద చిన్న రంధ్రం ఉండేది, కారు యాంటెన్నా వైరు అందులో పెట్టేవారు. ఇప్పటి ఫోన్లకు అది లేదు. (బ్యాటరీ కింద అంటించే బంగారు రంగు స్టిక్కర్లు కూడా అప్పట్లో తెగ అమ్ముడయ్యాయి. దేనికీ కలపని రేకు ఏం చేస్తుంది? ఏమీ చేయదు!) అందుకే మధ్యలోకి బూస్టరు వచ్చింది. మేడ మీది యాంటెన్నా పట్టిన సిగ్నల్‌ను పెట్టెలోని యాంప్లిఫయర్ పెంచుతుంది. ఇంట్లోని ఇంకో యాంటెన్నా దాన్ని గదుల్లోకి వదులుతుంది. మనం మాట్లాడేది అదే దారిలో వెనక్కి టవరుకు వెళుతుంది.

పెళ్లి పందిట్లో కూత

పెళ్లి పందిట్లో మైకు పట్టుకున్నాయన స్పీకరు ముందుకొస్తే ఏమవుతుంది? 'కూ...' మంటూ చెవులు చిల్లులు పడతాయి. స్పీకరు శబ్దం మైకులోకి, మైకుది మళ్లీ స్పీకరులోకి తిరిగి తిరిగి పెరుగుతుంది. బూస్టరుదీ ఇదే కథ. లోపలి యాంటెన్నా వదిలింది బయటి యాంటెన్నాకు తగిలితే కూత మొదలవుతుంది. తేడా ఒక్కటే... ఈ కూత మన చెవికి వినపడదు. టవరుకు వినపడుతుంది!

టవరు పని చాలా సున్నితం. దగ్గరున్న ఫోనుకు 'మెల్లగా మాట్లాడు' అని, దూరాన ఉన్నదానికి 'కాస్త గట్టిగా' అని క్షణక్షణం ఆదేశాలిస్తుంది. అప్పుడే అందరి మాటా దానికి వినిపిస్తుంది. నాసిరకం బూస్టరుకు ఈ భాష రాదు. కూత పెట్టకపోయినా, రాత్రనక పగలనక ఒకే స్థాయిలో అరుస్తూ ఉంటుంది. ఆ గోలలో ముందుగా మునిగిపోయేది దూరాన, బలహీనంగా మాట్లాడే ఫోన్లే. ఊరి చివర ఇల్లు, పొలంలో మోటారు దగ్గరున్న రైతు, 108కి ఫోను చేయబోతున్న ఎవరో!

విచిత్రమేమిటంటే, వాళ్ల ఫోనులో పాయింట్లు నిండుగానే ఉండొచ్చు. పాయింట్లు చెప్పేది టవరు మాట మనకెంత వినపడుతోందన్నదే. మన మాట టవరుకు వినపడుతోందా లేదా అన్నది ఏ ఫోనూ చూపించదు. 'ఫుల్లు సిగ్నల్ ఉన్నా కాల్ కలవట్లేదు' అని తల పట్టుకునే కాలనీల్లో ఏదో ఒక మేడ మీది పెట్టె కారణం కావచ్చు.

అందుకే ప్రభుత్వం వీటిని ఒప్పుకోదు. లైసెన్సున్న టెలికాం కంపెనీలు తప్ప మరెవరూ సిగ్నల్ బూస్టర్లను దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జులైలో స్పష్టంగా ప్రకటించింది. పలు నగరాల్లో అధికారులు తనిఖీలు చేసి వాటిని ఊడదీయించారు కూడా. నెట్‌లో దొరుకుతోంది కదా అని కొనేస్తే డబ్బూ పోతుంది, పెట్టే పోతుంది.

'మావాడు అమెరికా నుంచి తెచ్చాడండీ, అక్కడ అందరూ వాడతారట' అంటారా? అక్కడ వాడొచ్చు, నిజమే. 2013లో అక్కడి ఎఫ్‌సీసీ నిబంధనలు మార్చింది. కూత మొదలైతే దానంతటదే తగ్గిపోయే, ఆమోదం పొందిన పెట్టె అయి ఉండాలి, ఫోను కంపెనీ దగ్గర నమోదు చేయించాలి. పైగా అక్కడి ఫ్రీక్వెన్సీలు, మన ఫ్రీక్వెన్సీలు చాలావరకు వేరు. సూట్‌కేసులో బరువు తప్ప ఫలితం పెద్దగా ఉండదు!

మరేం చేయాలి?

మొదట పాయింట్లను నమ్మడం మానండి. ఏ బలానికి ఎన్ని పాయింట్లు చూపాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది. ఐఫోన్ చాలాసార్లు ఉండాల్సిన దానికన్నా రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తోందని 2010లో యాపిలే ఒప్పుకుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'అబౌట్ ఫోన్' కింద సిమ్ స్టేటస్ చూడండి. మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. 4జీలో మైనస్ 80 అంటే హాయి. 100 దాటితే నసుగుడు. 115 దగ్గరికొస్తే మాట తెగిపోవచ్చు. పది తేడా అంటే బలంలో పదింతల తేడా! ఆ అంకె చూస్తూ ఇల్లంతా తిరగండి. ఏ కిటికీ దగ్గర బాగుందో తెలిసిపోతుంది. ఇనుప చువ్వల స్లాబు, రేకుల కప్పు, లోహపు పూత ఉన్న అద్దాలు సిగ్నల్‌కు గోడల కన్నా పెద్ద శత్రువులు.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే సగం సమస్య తీరినట్టే. వైఫై కాలింగ్‌ను మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ప్రారంభించాయి. ఫోను సెట్టింగ్స్‌లో మీట నొక్కితే చాలు, టవరుతో పని లేకుండా మామూలు నంబరుకే కాల్ వస్తుంది. ఈ మీట ఉందనే తెలియక మేడ ఎక్కి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు!

బ్రాడ్‌బ్యాండ్ రాని ఊళ్లో అయితే యాంటెన్నా అక్కరకొచ్చేది ఇక్కడే. బయటి యాంటెన్నాకు సాకెట్లున్న 4జీ రౌటర్లు దొరుకుతాయి. సిమ్ము అందులో వేసి, యాంటెన్నాను టవరు వైపు తిప్పితే ఇంట్లోకి వైఫై, దాంతోపాటే వైఫై కాలింగ్. మధ్యలో సిగ్నల్ పెంచే పెట్టె ఏదీ లేదు, టవరు మాట వినే రౌటరే ఉంది. ఒక్క జాగ్రత్త... యాంటెన్నా నుంచి సన్నరకం వైరు పది మీటర్లు లాగితే సంపాదించిన దాంట్లో సగానికి పైగా వైరులోనే ఆవిరవుతుంది. రౌటరును యాంటెన్నాకు దగ్గరగా, తడవని చోట పెట్టి, కిందికి నెట్‌వర్క్ కేబుల్ దించుకోండి. గొట్టానికి ఎర్తింగ్ మరవద్దు, పిడుగుల కాలం ఉంటుంది మరి.

ఇవేవీ కుదరకపోతే కంపెనీ మార్చడమే. ఏ ఊళ్లో ఎవరి సిగ్నల్ ఉందో మ్యాపుల్లో చూపాలని ట్రాయ్ 2024 నిబంధనల్లో కంపెనీలను ఆదేశించింది, వాటి వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. అయితే మ్యాపు వీధి వరకే. మీ గోడల సంగతి దానికి తెలియదు. పక్కింటివారి సిమ్ము ఓ గంట అడిగి తెచ్చుకుని మీ గదుల్లోనే పరీక్షించి, అప్పుడు పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబరుతో 1900కు ఎస్సెమ్మెస్ పంపండి. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే పాత బిల్లు కట్టేసి ఉండాలి.