పాట పాతదే... పెట్టె కొత్తది!

"మ్యాక్ కొనే స్తోమత లేనివాడు మ్యూజిక్ డైరెక్టర్ కాలేడా?" అని గుంటూరు నుంచి ఒక పాఠకుడు నిలదీశాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరమట. నాన్న కొనిపెట్టిన మామూలు ల్యాప్‌టాప్ మీద ట్యూన్లు కడుతున్నాడట. స్నేహితులేమో "రెహమాన్ వాడే లాజిక్ నీ డబ్బాలో ఎక్కదురా" అని వెక్కిరిస్తున్నారట.

అవుతావు బాబూ, నిక్షేపంలా అవుతావు. ఒక్క ముక్కలో జవాబు అదే. కానీ ఒక్క ముక్కతో ఈ పేజీ నిండదు గదా! పైగా ఆ ఉత్తరం చేతికొచ్చిన వారంలోనే నేనో తమాషా చూశాను. కృష్ణానగర్‌లో మూడు గదుల స్టూడియో నడిపే ఓ సంగీత దర్శకుడు, పధ్నాలుగు సినిమాలు చేసినవాడు, పదేళ్ళు కాపురం చేసిన మ్యాక్‌ని పక్కనపెట్టి పీసీకి మారాడు. పేరు రాస్తే ఇంకెప్పుడూ కాఫీ ఇవ్వనన్నాడు. అంచేత "మిత్రుడు" అనే పిలుచుకుందాం.

మిత్రుడి పాత మ్యాక్‌ని మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. నల్లగా, గుండ్రంగా, జానెడు పైచిలుకు ఎత్తున ఉంటుంది. 2013లో వచ్చిన మ్యాక్ ప్రో. లోకమంతా దానికి ముద్దుగా పెట్టిన పేరు చెత్తబుట్ట! మిత్రుడి ఇంట్లో ఒక పెద్దావిడ నిజంగానే అందులో తమలపాకు తొడిమలు వేయబోయిందని చెబుతాడు. నేను నమ్మలేదనుకోండి.

"పనిచేస్తోంది గదా, ఎందుకు మార్చడం?" అన్నాను.

"పనిచేస్తోంది గురూ, కానీ ఎదగడం మానేసింది" అన్నాడు.

అసలు సంగతిది. ఆ మోడల్‌కి ఆపిల్ వాళ్ళిచ్చిన ఆఖరి సిస్టం 2021లో వచ్చిన మాంటెరే. 2024లో వచ్చిన లాజిక్ ప్రో 11 అంతకంటే కొత్త సిస్టం ఉంటేగాని ఎక్కదు. అంటే పాత లాజిక్‌తోనే కాలక్షేపం చెయ్యాలి. మెమరీ అంటారా, కంపెనీ లెక్కన 64 జీబీ దగ్గర గీత గీసేశారు. ఈ రోజుల్లో హీరో నడిచొస్తే చాలు, వెనకాల అరవై వయొలిన్లు మోగాలి. ఆ వయొలిన్లన్నీ ఎక్కడో ఎవరో వాయించి రికార్డు చేసిపెట్టిన స్వరాలు. కీ నొక్కగానే పలకాలంటే ముందుగా మెమరీలోకి ఎక్కి కూర్చోవాలి. తీగ వాయిద్యాలు ఎక్కాక, ఇత్తడి వాయిద్యాలు సగం ఎక్కేసరికి బస్సు ఫుల్లు!

కొత్త మ్యాక్ కొనొచ్చుగా? కొనొచ్చు. 2020 నవంబరు నుంచి వస్తున్న ఎం చిప్పు మ్యాక్‌లు మహా వేగం, చప్పుడు లేకుండా నడుస్తాయి కూడా. వాటిని వంకపెట్టడానికి నాకు నోరు రాదు. కానీ వాటిలో మెమరీ చిప్పుతోనే కలిసి ఉంటుంది. కొన్న రోజున ఎంత తీసుకుంటే అంతే, తర్వాత కలపడానికి లేదు. పీసీ అయితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి, చేతిలో డబ్బులున్నప్పుడు ఇంకో పుల్ల తెచ్చి గుచ్చుకోవచ్చు. మన నిర్మాతలు పేమెంట్లు ఇచ్చేది కూడా విడతలవారీగానే గదా. అడ్వాన్సుకి పీసీ, రెండో విడతకి మెమరీ... మిత్రుడి లెక్క అది.

ఇక్కడో చిన్న ఫ్లాష్‌బ్యాక్. ఈ లాజిక్ మొదట ఆపిల్ వాళ్ళది కానే కాదు. ఎమాజిక్ అనే జర్మనీ కంపెనీది. మ్యాక్ మీదా, విండోస్ మీదా రెండింటి మీదా పలికేది. 2002 జులైలో ఆపిల్ ఆ కంపెనీని కొనేసింది. ఆ ఏడే విండోస్ లాజిక్‌కి మంగళం పాడేసింది. అప్పుడు విండోస్ నమ్ముకున్నవాళ్ళు లబలబలాడారు. మరి అంతకుముందు? మిడి అనే పద్ధతి 1983లో వచ్చింది. మిడి తీగలు నేరుగా గుచ్చుకునే ఏర్పాటుతో 1985లో అటారీ ఎస్టీ అనే కంప్యూటర్ వచ్చింది. క్యూబేస్ 1989లో పుట్టింది ఆ అటారీ మీదే. ఇప్పుడు అటారీ ఎక్కడుంది? హాన్స్ జిమ్మర్ లాంటి మహానుభావుడు వాడే క్యూబేస్ మాత్రం మ్యాక్ మీదా ఉంది, పీసీ మీదా ఉంది. గుంటూరు తమ్ముడూ, ఈ సంగతి నీ స్నేహితుల చెవిన వెయ్యి.

మిత్రుడూ క్యూబేస్‌కే మారాడు. పెట్టె మారితే అయిపోయిందనుకున్నాడు పాపం. మొదట ఎదురు తిరిగింది వేళ్ళు! మ్యాక్‌లో కమాండ్ మీట స్పేస్ బార్ పక్కనే, బొటనవేలికి అందుతుంది. పీసీలో కంట్రోల్ మీట మూలన, చిటికెనవేలి దగ్గర. పదేళ్ళు బొటనవేలితో చేసిన పని చిటికెనవేలికి అప్పజెబితే అది వింటుందా? మూడు వారాలపాటు ఆయన ఆర్డర్లు వేరు, కంప్యూటర్ చేసే పనులు వేరు. కోపమొచ్చి హార్మనీ పెట్టె ముందు కూర్చునేవాడు. ఆ మూడు వారాల్లో కట్టిన ట్యూన్లు బాగున్నాయని అసిస్టెంటు నా చెవిలో ఊదాడు. అది వేరే కథ!

తర్వాత పరీక్ష మరీ కఠినం. కొత్త సినిమాకి గాయని వచ్చింది. మైకు ముందు నిలబడి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పాట మొదలైంది. ఉన్నట్టుండి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట! ఆపారు, మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ చిటపట. కేబుళ్ళు మార్చారు, మైకు మార్చారు. ఏసీ మీద కూడా అనుమానం వచ్చింది. గాయని మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు. గడియారం మాత్రం రెండుసార్లు చూసింది.

దీనికో లెక్క ఉంది. చెబుతాను, కంగారు పడకండి. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కలు చుక్కలుగా కాకుండా గిన్నెలు గిన్నెలుగా అందిస్తుంది. సినిమా సౌండుకి సెకనుకి 48,000 చుక్కలు. గిన్నెకి 256 చుక్కలు పెడితే ఆలస్యం అయిదు మిల్లీ సెకన్ల చిల్లర. అంటే తబలా ఆయన రెండు గజాల దూరంలో కూర్చున్నట్టు. పాడేవాళ్ళకి తెలియదు. గిన్నెకి 1,024 పెడితే ఇరవై ఒకటి. అంటే ఆయన ఏడు మీటర్ల అవతల వరండాలో కూర్చున్నట్టు! గాయని తాళం జారుతుంది. గిన్నె చిన్నదైతే కంప్యూటర్ పరుగెత్తి పరుగెత్తి నింపాలి. మధ్యలో ఎవరైనా దాని చొక్కా పట్టుకుని లాగితే గిన్నె ఒలుకుతుంది. ఆ ఒలికిన చప్పుడే చిటపట. మ్యాక్‌లో ఈ సరఫరా సిస్టంలోనే అమిరి ఉంటుంది. విండోస్‌లో దీనికోసం జర్మనీ స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1997లో ఏసియో అనే అడ్డదారి వేసింది. దారి మంచిదే. ఆ దారిలో మిత్రుడి చొక్కా లాగిందెవరో తెలుసా? వైఫై! దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం. వైఫై కట్టేశారు. గది నిశ్శబ్దం. గాయని రెండో టేకులో ఓకే చేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ పీసీకి ఇంటర్నెట్ లేదు, తనంతట తాను నిద్రపోయే సదుపాయమూ లేదు. రికార్డింగ్ మధ్యలో అప్‌డేట్ పేరుతో ఆగే భాగ్యమూ లేదు.

ఇవన్నీ సర్దుకునే తలనొప్పులే. అసలు నెప్పి వేరే చోట ఉంది.

2016లో మిత్రుడి సినిమా ఒకటి వచ్చింది. ఓ మోస్తరుగా ఆడింది కానీ, ఒక పాట మాత్రం ఇప్పటికీ పెళ్ళి వీడియోల్లో మోగుతూనే ఉంది. పాత సినిమాలు మళ్ళీ విడుదల చేసే హడావుడి మీకు తెలిసిందే గదా. ఆ నిర్మాతకీ ఆశ పుట్టింది. "పాట కొత్త మిక్సింగ్ చేయిద్దాం, గొంతు వేరు, వాయిద్యాలు వేరు చేసి ఇవ్వు" అని ఫోను. మిత్రుడు సరేనన్నాడు. అన్నాక గుర్తొచ్చింది, పాట ఉన్నది లాజిక్‌లో. పీసీలో లాజిక్ లేదు. మ్యాక్ డిస్కు గుచ్చితే విండోస్ దాన్ని గుర్తే పట్టదు. కాపీ చేసుకున్నా, పాడిన ముక్కలు దొరుకుతాయేగాని ఏ ముక్క ఎక్కడ మొదలవ్వాలి, ఎంత తగ్గాలి అన్న జాతకమంతా లాజిక్ దగ్గరే. పైగా ఆ పాటలో వేణువులా వినిపించే ఒక చిత్రమైన నాదం ఉంది. ఆ వాయిద్యం అమ్మిన కంపెనీ దుకాణం కట్టేసింది. కొత్త మెషీన్లో ఎక్కించే దారి లేదు. అది పలికేది ప్రపంచంలో ఒక్క చోట. ఆ చెత్తబుట్టలో!

నాకు గుండె కలుక్కుమంది. ఎందుకో చెప్పనా? 2012 ప్రాంతంలో నేను రాసిన ఇంటర్వ్యూలన్నీ పాత డీటీపీ ఫాంట్లో ఉన్నాయి. ఇప్పుడు తెరిస్తే తెలుగు బదులు బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కనిపిస్తాయి. ఇద్దరు పెద్ద నటులు, ఇప్పుడు లేరు, వాళ్ళ మాటలు ఆ గీతల్లోనే ఉండిపోయాయి.

అదృష్టం, మిత్రుడు మ్యాక్‌ని అమ్మలేదు. బేరం కుదిరింది, అడ్వాన్సు కూడా పుచ్చుకున్నాడు. వెనక్కి ఇచ్చేశాడు. పదకొండు రాత్రులు అసిస్టెంటుని కూర్చోబెట్టుకుని, పధ్నాలుగు సినిమాల పాటలన్నీ ఒక్కొక్క ట్రాకూ మామూలు వేవ్ ఫైళ్ళుగా దించారు. అన్నీ పాట మొదటి క్షణం నుంచే మొదలయ్యేలా. అప్పుడు ఏ పెట్టెలో పడేసినా తాళం తప్పవు. మిడి ఫైలు వేరే, టెంపో అంకె ఫైలు పేరులోనే. మ్యాక్‌కీ విండోస్‌కీ రెండింటికీ అర్థమయ్యే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో తయారుచేసిన డిస్కులు రెండు, ఒకటి స్టూడియోలో, ఒకటి అత్తగారింట్లో.

తొమ్మిదో రాత్రి ఆ 2016 పాట వంతు వచ్చింది. నేనూ ఉన్నాను. "మ్యూట్‌లో ఉన్న ట్రాకులెందుకు సార్, వదిలేద్దాం" అన్నాడు అసిస్టెంటు, ఆవులిస్తూ. "అన్నీ దించు" అన్నాడు మిత్రుడు. మ్యూట్ తీసి వింటున్నాం. ఒక అమ్మాయి గొంతు! మనం విన్న గాయని కాదు. పల్లవి నుంచి చివరిదాకా పాడేసింది. పెద్ద గాయని రావడానికి ముందు నమూనాకి పాడించే ట్రాక్ సింగర్లుంటారు చూడండి, ఆ అమ్మాయి. అవసరం తీరాక గొంతు మూసేశారు. కానీ రెండో చరణం ముందు వచ్చే ఆలాపన ఉందే, పెళ్ళి వీడియోల్లో అందరూ కళ్ళు తుడుచుకునే చోటు, అది ఈ అమ్మాయిదే! హడావుడిలో అలాగే ఉంచేశారు. సీడీ కవరు మీద పేరు లేదు, సినిమా టైటిల్స్‌లో లేదు. ఆ మ్యాక్‌లో ట్రాకు పక్కన మాత్రం అసిస్టెంటు టైపు చేసిన రెండక్షరాల పేరు ఉంది. దించినప్పుడు ఫైలు పేరు కూడా అదే అయింది.

మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మర్చిపోయాను గురూ. నిజంగా మర్చిపోయాను."

ఇప్పుడామె రాజమండ్రిలో చిన్నపిల్లల బడిలో టీచరు. నంబరు పట్టుకుని ఆ ముక్క పంపించాడు. అరగంటకి జవాబు వచ్చింది: "సార్, ఇది నేనేనా?"

కొత్త విడుదలలో ఆమె పేరు వెయ్యాలని నిర్మాతని అడిగాడు మిత్రుడు. ఆయన ఇంకా అవుననలేదు, కాదనలేదు. తెర మీద పడేదాకా పేరు పత్రికలో రాయొద్దని ఆమే అంది. అంచేత రాయడం లేదు. పడిన రోజున ఇదే పేజీలో, పెద్దక్షరాల్లో వేయిస్తాను.